కాదన్నందుకు చప్పట్లు

పెద్ద సంస్థల్లో ఏ పనికి ఏ కంప్యూటరు వ్యవస్థ దన్నుగా ఉండాలో చెప్పే ఉమ్మడి ప్రమాణాన్ని రాస్తున్న సభ్య కంపెనీల బృందానికి నిషివాకి పెద్ద దిక్కు. జపాన్‌లోని నగోయాలో సమావేశమైతే చాలు, ఆ పొట్టి మనిషి కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, బొబ్బర్ల పూర్ణం పెట్టిన వేడి బన్నులు తానే పంచి, చెవులు రిక్కించి కూర్చుంటుంది. అక్కడ ఎవరూ నోరు తెరిచి కాదనరు. పళ్ల సందుల్లోంచి 'స్స్' మని గాలి పీలుస్తారు, అదే వాళ్ల కాదనడం. పోయినసారి ఆవిడ ఆ చప్పుడు విననట్టే ఊరుకుంది. అందరూ చేతులెత్తారు, ప్రమాణం అచ్చయింది. తీరా ఒక్క కంపెనీ వాడితే ఒట్టు.

ఈసారి కొత్త ప్రమాణం పటాన్ని బోర్డు మీద గీసి, ఓటింగుకు పెట్టే ముందు బీమా కంపెనీ కుగా గాలి పీల్చాడు. ఆవిడ టక్కున ఆగింది.

"కుగా గారూ, ఆ గాలి వెనక మాటేదో ఉంది. కక్కేయండి, బన్ను చల్లారిపోతోంది."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఈ పటం నిండా మన కంప్యూటర్ల డబ్బాలే గానీ, క్లెయిము కోసం వచ్చినవాడికి చోటేదండీ? నేనొప్పుకోను."

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"అమ్మయ్య! దీన్ని నిజంగా వాడేవాడు ఒకడు దొరికాడు," అంటూ నిషివాకి చప్పట్లు కొట్టి, మార్కరు ఆయన చేతిలో పెట్టింది.

అంతలో బల్ల అవతల ఇంకెవరో 'స్స్' మన్నారు. ఆవిడ మొహం చాటంతయింది.