ఎవరికైనా తట్టే ఆలోచనే అన్నారు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, ఈ శుక్రవారం నన్ను మీ మధ్య నిలబెట్టిన దేవునికే మహిమ! తలనొప్పి తగ్గినా సాక్ష్యం చెప్పే ఈ మేరీ, ఈ ఒక్క సంగతి మాత్రం ఇన్నాళ్ళూ కడుపులో దాచుకుంది, కాగితం చేతికొచ్చేదాకా నోరు విప్పొద్దని లాయరుగారి ఆజ్ఞ మరి.

రాజోలు దగ్గర నుంచి వచ్చి ఇక్కడ కువైట్‌లో, మంగఫ్‌లో ఒక ఇంట్లో పనిచేస్తున్నానని మీకు తెలుసు. నేను మామా అని పిలిచే మా యజమానురాలి అమ్మకి షుగరు, రోజుకి రెండుసార్లు ఇన్సులిన్ సూది నేనే వెయ్యాలి. ఆమె చర్మం ఉల్లిపొర. సూది సరిగా దిగడానికి చర్మాన్ని అదిమిపట్టే రింగులు బజార్లో దొరికినవన్నీ పెట్టి నొక్కాను, నొక్కిన చోటల్లా కమిలిపోయేది, నన్ను చూస్తేనే ఆ తల్లి చెయ్యి వెనక్కి లాక్కునేది, నేను వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని. ఏడాది పొడవునా మన ప్రార్థన విన్నపాల పుస్తకంలో ప్రతి శుక్రవారం అదే రాశాను.

ఒకరోజు మేడమీద ఆరిన బట్టలు తీస్తుంటే క్లిప్పు చున్నీని పైకి లేపి పట్టుకుని కనబడింది. నొక్కడం కాదు, లేపాలి! దేవుడే చూపించాడు. చర్మాన్ని మెత్తగా లేపి పట్టే క్లిప్పు, మధ్యలో సూదికి దారి, మామా కొడుకు ప్లాస్టిక్‌తో చేసిచ్చాడు. ఆ రోజు నుంచి ముసలమ్మకి ఒక్క మచ్చ పడలేదు! మామాయే హైదరాబాదు లాయరుతో మాట్లాడి నా పేరున పేటెంటుకి పెట్టించింది. పాస్‌పోర్టు, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు తప్ప నా పేరున్న కాగితమే లేని దాన్ని, పొంగిపోయాను.

అంతలో పేటెంటు ఆఫీసు ఉత్తరం. పాత రింగూ పాత క్లిప్పూ కలిపితే ఇదే వస్తుంది, ఈ పని తెలిసిన ఎవరికైనా తట్టే ఆలోచనే, ఇవ్వలేమని! సహోదరులారా, నా గుండె పగిలింది. అలిగి నెలరోజులు ఆరాధనకి రాలేదు. బాత్రూము కడుగుతూ దేవుడితో పోట్లాడాను: "ప్రభువా, ఎవరికైనా తట్టేదే అయితే, రోజూ సూదేసే నాకు ఏడాదిపాటు ఎందుకు తట్టలేదయ్యా?"

లాయరుగారు ఫోన్ చేస్తే అదే కోపంతో అదే మాట ఆయన మీదా విసిరాను. వెంటనే ఆయన, "అదేనమ్మా మన జవాబు! ఆ ఏడాది పడ్డ తిప్పలకి రాతలో రుజువేమైనా ఉందా?" అన్నారు.

మన విన్నపాల పుస్తకం దాచే మార్తక్క దగ్గరికి పరుగెత్తాను. "యాడికి పోతాదే మేరీ, ఒక్క కాయితం గూడా పారెయ్యలా, తేదీలేసి పెట్టుండా" అంది మా రాజంపేట అక్క. ప్రతి వారం నా రాత: "మళ్ళీ కమిలింది, ప్రార్థించండి." పక్కనే మన నర్సు సిస్టర్ల సలహాలు: "ఇంకాస్త గట్టిగా నొక్కి చూడు." నవ్వకండి సిస్టర్లూ, మీ పేర్లు చెప్పనులెండి! మీ సలహాలే నన్ను గెలిపించాయి. పని తెలిసినవాళ్ళందరూ నొక్కమన్నారే గాని లేపమని ఒక్కరూ అనలేదని లాయరుగారు ఆ పేజీలు చూపించి వాదించారు. అధికారి ఒప్పుకున్నారు. పోయిన వారం నా పేరుతో పేటెంటు వచ్చింది, హల్లెలూయా!

నేను అలిగి అన్న మాటనే నా తరఫు వాదన చేసిన దేవునికి వందనాలు. ఆ ఏడాది ఆయన వినలేదనుకున్నాను, జవాబు రాని ఆ శుక్రవారాలే నాకు సాక్షులై నిలబడ్డాయి. మీ విన్నపం ఇంకా తీరలేదా? ఆయన్ని నమ్మండి, రాయడం మానకండి. మార్తక్క కొత్త పుస్తకం తెచ్చింది, పేజీలన్నీ ఖాళీగానే ఉన్నాయి.