పప్పు డబ్బాల చాటున వైఫై

ఈ రోజు కాశీబుగ్గలో మా జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసు కంప్యూటర్‌కి వైఫై తెప్పించేసరికి నాకు దేవుడు కనిపించాడు. రౌటర్ నుంచి కంప్యూటర్‌కి వచ్చే నెట్ కేబుల్‌ని ఎలుకలు కొరికేశాయి. గేటు దగ్గర లోడెక్కిన లారీ ఆగి ఉంది, ఆన్‌లైన్‌లో సరుకు రవాణాకి ఈ-వే బిల్లు తీస్తే గాని కదలదు. గుమాస్తాని నేనే కాబట్టి అందరి చూపూ నా మీదే.

బజారుకెళ్లి బొటనవేలంత యూఎస్‌బీ వైఫై అడాప్టర్ తెచ్చి సీపీయూ వెనక పెట్టాను. అది పనిచేయడానికి డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కావాలి, డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి! నా ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, అందులో మిగిలిన కాస్త డేటా దానికే ఖర్చుపెట్టి ఆ గండం దాటాను. తీరా చూస్తే మా వైఫై పేరు కనిపించడం, మాయమవడం. మూడుసార్లు పీకి మళ్లీ పెట్టాను. అమ్మినవాణ్ని మనసులో తిట్టుకున్నాను కూడా.

పప్పు గ్రేడింగ్ చేసే నారాయణమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ఏటి బాబూ, ఆ రేకు డబ్బాల ఎనకాల ఎడితే ఎలాగొత్తాది? వాటి సాటునుంటే నా ఫోనే పలకదు."

నిజమే, సీపీయూ వెనక పప్పు నింపే డబ్బాలు గోడలా ఉన్నాయి. ఇద్దరం కలిసి జరిపాం. సిగ్నల్ నిండుగా వచ్చింది, బిల్లు వచ్చింది, లారీ కదిలింది. హమ్మయ్య!

ఊపిరి పీల్చుకున్నాక, "అసలు వీటిని ఇక్కడ పేర్చిందెవరు?" అని గద్దించాను.

"నువ్వే గదా బాబూ, కంపూటర్‌కి పొట్టు దుమ్ము తగలకుండా అడ్డమెట్టమన్నావు!"

ఆమెకి టీ తెప్పించాను. మీరూ ఇలా మీరే అడ్డం పెట్టుకుని ఎవరినో తిట్టుకున్నారా? సిగ్గుపడకుండా చెప్పండి, నాకు తోడు కావాలి.