సోఫాకు ఐదో నెల

సోమవారం మధ్యాహ్నం ఇంటికొచ్చి, బూట్లు విప్పి, ముందుగదిలో సగం కుట్టి ఉన్న సోఫా చేతి మీద కుడి అరచెయ్యి ఆనించగానే డాక్టరమ్మకు అర్థమైంది, ఆ సోఫా ఐదో నెల చూడిదని.

చెయ్యి తీసి గోడకు ఆనించింది. గోడా చూడిదే. బల్ల, తలుపు రెక్క, మంచినీళ్ళ బిందె వరసపెట్టి తడిమింది. ఇంట్లో ఖాళీది ఒక్కటీ లేదు. ప్రతిదాని లోపలా వేలి కింద అదే సన్నని జుమ్మనే కదలిక. తిరిగొచ్చి సోఫా మీదే కూలబడి, "కొంప మునిగింది," అంది.

"లే, లే! ఇంకా మేకులు కొట్టలేదు దానికి," అన్నాడు భర్త.

ఆమె డాక్టరు కాదు. ఈ ముక్క పద్నాలుగేళ్ళుగా చెబుతూనే ఉంది, వినేవాళ్ళు లేరు. పాల సంఘంలో ఉద్యోగి. ఎదకొచ్చిన ఆవులకు విత్తనం వేయడం, నెలలు గడిచాక చెయ్యి పెట్టి చూసి చూడి కట్టిందో లేదో చెప్పడం ఆమె పని. ఏటా సంఘం సమావేశంలో మైకు దొరికిన ప్రతివాడూ ఆమెది ఉద్యోగం కాదు, సేవ అంటాడు. అలా అన్నవాళ్ళలో ఒక్కడూ భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని ఆవు వెనక నిలబడింది లేదు. ఆ సేవకు చప్పట్లు కొట్టి, చప్పట్లకు బదులు వర్షాకాలానికి ఒక మంచి కోటు ఇవ్వండయ్యా అంటే నవ్వేసి ఊరుకుంటారు.

ఆ పనికి కావలసిందల్లా వేళ్ళు. ఆవు ఐదో నెలకు వచ్చేసరికి దూడ బరువుకు గర్భం కిందికి జారిపోతుంది, పెద్ద ఆవైతే చేతికి అందదు. అందేది దానికి రక్తం మోసే నాళం ఒక్కటే. మామూలప్పుడు అది నాడిలా కొట్టుకుంటుంది. చూడి కట్టి నెలలు నిండుతుంటే పెన్సిలంత లావై, కొట్టుకోవడం మానేసి జుమ్మంటుంది. నీళ్ళు పోతున్న రబ్బరు గొట్టాన్ని సగం నొక్కి పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా. ఆ జుమ్మనడమే సాక్ష్యం. పొద్దున కొండగట్టు మీద ఉండే పిన్ని కొట్టంలో ఎర్రావులో చెయ్యి పెట్టినప్పుడు ఆ సాక్ష్యం దొరికింది. నల్లది మళ్ళీ ఎదకొచ్చినట్టుందని పిన్నే అంది, అంటే చూడి కట్టనట్టే, దానికి చెయ్యి పెట్టి చూడలేదు. "ఎర్రది ఐదో నెల, నల్లది ఖాళీ," అని చెప్పి వచ్చింది. పిన్ని అక్కడికక్కడే ఫోను తీసి, గురువారం తొమ్మిదికి లారీ తెచ్చి నల్లదాన్ని తోలుకుపొమ్మని బేరగాడికి చెప్పేసింది.

ఇప్పుడు చూస్తే సోఫా కూడా ఐదో నెల.

దీనికంతటికీ కారణం బండి. పాత కాలిబాట కిందటి వానలకు కొండచరియతో సహా కూలిపోయింది. గట్టు మీదికి వెళ్ళాలంటే చుట్టూ తిరిగి పద్దెనిమిది కిలోమీటర్లు, అంతా రాళ్ళూ గుంటలూ. సంఘం వాళ్ళు ఆలోచించి, చించి, ఒక డర్ట్ బైక్ ఇచ్చారు. ఎత్తు బండి, గరుకు చక్రాలు, గుర్రంలా గెంతుతుంది. మొదటి నెలలోనే ఆమె చేతులు మొద్దుబారడం మొదలైంది. ఉంగరం వేలు, చిటికెన వేలు ముందు, తర్వాత చెయ్యంతా. దిగాక గంటసేపు చీమలు పాకుతున్నట్టుండేది.

ఊళ్ళో సలహాలకు కరువా? అత్తగారు గోరువెచ్చని నూనె రాసుకోమంది. రాసుకుంటే పట్టు జారి కాలవలో పడబోయింది. ఆసుపత్రిలో డాక్టరు, అసలు డాక్టరే, చేతులతో చేసే పని తగ్గించుకోమన్నాడు. "మరి కాళ్ళతో చూడమంటారా ఆవుల్ని?" అని అడిగితే మందుల చీటీ రాశాడు. మెకానిక్ గురించి తర్వాత.

భర్త మాత్రం సలహా ఇవ్వలేదు, ఇచ్చి ఉంటే బాగుండేది. ఆయన పనిలోకి దిగాడు. సోఫాలు, కుర్చీలు, బండి సీట్లు కుడతాడు. ఊరంతా ఆయన్ని స్పాంజి అంటారు. ఎదుటే అంటారు, ఆయన పలుకుతాడు. లోకంలో ఉన్న కష్టాలన్నీ కింద తగినంత మెత్త లేకపోవడం వల్ల వచ్చినవేనని ఆయన నమ్మకం. హ్యాండిల్ రెండు పిడులకూ ఒక వరస స్పాంజి చుట్టి కుట్టాడు. తగ్గలేదు. రెండో వరస చుట్టాడు. ఎక్కువైంది. "పలచబడింది, అందుకే," అని మూడో వరస వేసి, పైన నల్ల రెక్సిన్ తొడిగి, అంచుల వెంట ఎర్ర దారంతో కుట్టు వేశాడు. చూడముచ్చటగా ఉన్నాయి. ఒక్కోటి సొరకాయంత ఉన్నాయి. అంత ప్రేమగా కుట్టినవాటిని ఏమనాలో తెలియక ఆమె బాగున్నాయంది. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆమె ఆడిన పెద్ద అబద్ధం అదే.

సోమవారం సాయంత్రం దాకా ఫోను చేతిలో పెట్టుకుని కూర్చుంది. పిన్నికి చేసి ఏమని చెప్పాలి? తప్పు చెప్పానని చెప్పాలన్నా ముందు తప్పో ఒప్పో తెలియాలి కదా. ఎర్రది నిజంగానే చూడిదేమో. మళ్ళీ చెయ్యి పెట్టి చూడాలి, ఆ చెయ్యి పనిచేస్తూ ఉండాలి. మొద్దు వదలడానికి ఇప్పుడు మూడు గంటలు పడుతోంది. గురువారం తొమ్మిదిలోపు పిన్ని కొట్టంలో పనిచేసే చెయ్యి కావాలి.

మంగళవారం దూడ వల్ల మంచి జరిగింది. గట్టు కింది ఊళ్ళో ఒక కొట్టంలో పని చూసుకుని బయటికొచ్చేసరికి ఒక దూడ బండి ఎడమ పిడిని నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల్లి పాలు తాగినంత భక్తిగా నములుతోంది. మూడు వరసల స్పాంజీ రెక్సినూ పోయి, అడుగున ఉన్న సన్నటి రబ్బరు తేలింది.

"అయ్యో డాక్టరమ్మా, మీ ఆయన చంపేస్తాడేమో!" అంది కొట్టం ఆవిడ.

"దూడనా, నన్నా?" అంది ఆమె, స్పాంజి పీలికలు దాని నోట్లోంచి లాగుతూ.

ఇంటికొచ్చేసరికి ఎడమచెయ్యి తన చెయ్యిలాగే ఉంది. కుడిది మాత్రం తేనెటీగల తుట్టె. సోఫా మీద రెండూ ఆనించి చూసింది. ఎడమచేతికి సోఫా సోఫాయే. కుడిచేతికి ఐదో నెల.

"ఏవండీ, ఇటు రండి. పిడి లావైతే వేళ్ళు చుట్టూ తిరగడం లేదు. తిరగకపోతే గట్టిగా పిసకాలి. పిసికితే మొద్దుబారుతోంది. మెత్త పెంచేకొద్దీ లావు పెరుగుతోంది. ఇంత చిన్న విషయానికి మనం ఎనిమిది నెలలు తీసుకున్నాం."

"కుడిచేతిది యాక్సిలరేటర్. దానికి పని ఎక్కువ, నొప్పీ ఎక్కువే," అన్నాడు స్పాంజి, తల ఎత్తకుండా. "దాన్నే ఇంకాస్త..."

"ఇంకాస్త అన్నారంటే ఊరుకోను!"

"పాతికేళ్ళుగా ఇదే పని నాది. మెత్తన వల్ల నష్టపోయిన మనిషిని నేను చూళ్ళేదు."

"ఎదురుగానే ఉంది, చూడండి!"

ఆయన చూడలేదు. కుర్చీకి పట్టీ బిగిస్తున్నాడు.

బుధవారం పొద్దున స్పాంజి టీ తాగుతుండగా, ఆమె ఆయన పెట్టెలోంచి చిన్న సుత్తి తీసింది. మేకులు కొట్టే సన్న పిడి సుత్తి. పాతికేళ్ళ అరచేతి రాపిడికి కర్ర నున్నగా, తేనె రంగుకు తిరిగింది. దానికి మూడు వరసల స్పాంజి చుట్టి, పైన రెక్సిన్ వేసి, వంకర టింకరగా కుట్టింది. ఎర్ర దారంతోనే.

ఆయన వచ్చి దాన్ని చూసి ఆగాడు.

"ఏమిటిది?"

"మెత్తగా ఉంటుందని. మీ చెయ్యి మాత్రం చెయ్యి కాదా ఏమిటి?"

అత్తగారు గుమ్మంలో కూర్చుని చూస్తోంది. తల్లి ముందు ఓడిపోవడం ఇష్టం లేక స్పాంజి ఆ సొరకాయనే పట్టుకుని పనికి కూర్చున్నాడు. పెళ్ళిళ్ళ హాలు నుంచి వచ్చిన కుర్చీలు ఆరు, ఒక్కోదానికి నలభై మేకులు. మొదటి మేకు వంగింది. రెండోది ఎగిరి అత్తగారి ఒళ్ళో పడింది. పట్టు నిలవక బిగించాడు, బిగిస్తే దెబ్బ గురి తప్పింది, గురి తప్పితే ఇంకా బిగించాడు. మూడో కుర్చీ దగ్గర సుత్తి కింద పెట్టి, ఎవరూ చూడలేదనుకుని వేళ్ళు విదిలించాడు.

"మొద్దుబారిందా?"

"లేదు."

"మరి విదిలిస్తున్నారేం?"

"ఈగ."

మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. గ్లాసులో నీళ్ళు వణికాయి.

"వాడి చెయ్యి వణుకుతోందేమే?" అంది అత్తగారు కంగారుగా. "నూనె తేనా?"

స్పాంజి గ్లాసు దించాడు. కుట్లు విప్పే పనిముట్టు తీసుకుని, వీధిలోకి వెళ్ళి, బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. కుడి పిడి మీద తను వేసిన ఎర్ర కుట్టును ఒక్కొక్కటే తెంపాడు. స్పాంజి మూడు వరసలూ ఊడదీసి, అడుగున ఉన్న రబ్బరును గుప్పిట పట్టి చూశాడు. వేళ్ళు చుట్టూ తిరిగి బొటనవేలిని తాకాయి.

"కూర్చునేది వేరు," అన్నాడు చివరికి. "పట్టుకునేది వేరు."

"ఆహా."

"సీటు మాత్రం నేను తియ్యను."

"సీటు జోలికి నేనొచ్చానా?"

మధ్యాహ్నం మెకానిక్ దగ్గరికి వెళ్ళింది. కిందటిసారి ఇతను జెల్ నింపిన చేతి తొడుగులు అంటగట్టాడు. అవి బిగుతై నెత్తురు ఆగిపోయినంత పనైంది. ఈసారి అతను బండి మీద ఆమెను కూర్చోబెట్టి, చేతులు చాపమని, మణికట్టు వంక చూశాడు. "క్లచ్చి, బ్రేకు లివర్లు పైకున్నాయమ్మా. అందుకోవడానికి మణికట్టు విరిచి పట్టుకుంటున్నారు." రెండు నట్లు వదులు చేసి, రెండు లివర్లనూ రెండు వేళ్ళంత కిందికి తిప్పి, బిగించాడు. పట్టిన సమయం ఒక తుమ్మంత.

"ఎనిమిది నెలల్లో ఈ మాట చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదమ్మా. తొడుగులు అడిగారు."

ఆమె ఏం సమాధానం చెప్పిందో ఇక్కడ రాయడం బాగుండదు.

"ఇంకోటి," అన్నాడు అతను, తిట్లు తుడిచేసుకుని. "రాళ్ళ మీద లేచి నిలబడండి. ట్యాంకును మోకాళ్ళతో పట్టుకోండి. పిడి మీద చెయ్యి ఊరికే ఉండాలంతే, వేలాడకూడదు."

గురువారం ఆరున్నరకే బయల్దేరింది. నిలబడింది, మోకాళ్ళు బిగించింది. పిడిని ఆవు చన్ను పట్టుకున్నంతగా పట్టుకుంది. పాలు పిండేవాళ్ళకు ఆ కొలత తెలుసు, గట్టిగా పిసికితే ఆవు తన్నుతుంది. అయినా మొదటి గుంట రాగానే చేతులు వాటంతటవే పిడికిళ్ళయ్యాయి. "వదలవే," అని తన చేతులనే తిట్టింది. తొమ్మిదో కిలోమీటరు దగ్గర కల్వర్టు మీద దిగి, చేతులు విదిలించి, వేళ్ళు ముడిచి తెరిచి, కల్వర్టు గోడకు ఆనించి చూసింది. గోడలో కాస్త జుమ్మంటోంది. పది నిమిషాలు పచార్లు చేసింది. వెనక వస్తున్న లారీ ఆమెను దాటి గట్టు వైపు పోయింది. బేరగాడి లారీ, చెప్పిన తొమ్మిదికి బాగా ముందే! చచ్చీ చెడీ ఆమె ఇంకో మూడు నిమిషాలు ఆగింది. గోడ గోడగా మారాకే బండెక్కింది.

వెళ్ళేసరికి నల్లావు మెడకు బేరగాడు తాడు తగిలించాడు.

"ఆగండి! ఎర్రదాన్ని నేను మళ్ళీ చూడాలి పిన్నీ."

పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుంది. "మొన్న చూశావుగా. ఐదో నెలన్నావు. ఈ మూడ్రోజుల్లో ఈనేసిందా ఏమిటి?"

"మొన్న నా చెయ్యి బాగాలేదు."

"చెయ్యి బాగాలేకపోతే ఆ మాట మొన్నే చెప్పాలి తల్లీ."

"మొన్న నాకు తెలీదు. ఇంటికెళ్ళి సోఫా మీద చెయ్యేస్తే తెలిసింది, అది కూడా ఐదో నెలని."

బేరగాడు తాడు వదిలేసి నవ్వడం మొదలుపెట్టాడు. పిన్ని నవ్వలేదు. "సరే, కానివ్వు," అంది.

ఆమె ముందు కొట్టం గుంజ పట్టుకుని చూసింది. గుంజ నిశ్శబ్దంగా ఉంది. తొడుగు వేసుకుని ఎర్రదానిలో చెయ్యి పెట్టింది. నాళం దొరికింది, సన్నగా, మామూలుగా. టక్, టక్, టక్. జుమ్మనడం లేదు, లావెక్కలేదు. గర్భం కిందికి జారలేదు, చేతికి అందుతూనే ఉంది, ఒట్టిది. మొన్న ఆ మాత్రం తెలియకపోవడానికి తను ఎంత మొద్దుగా ఉండి ఉండాలో తలచుకుంటే ఒళ్ళు మండింది. అటువైపు నాళం కూడా చూసింది. టక్, టక్.

"ఖాళీ," అంది.

"నల్లది?"

నల్లదాన్నీ చూసింది. అదైనా చూడిదై తీరాలని మనసులో కోరుకుంది, కానీ వేళ్ళు కోరికలు వినవు. "అదీ ఖాళీనే."

"రెండూ ఖాళీయేనా! ఈ శుభవార్త చెప్పడానికా ఇంత పొద్దున్నే పరిగెత్తుకొచ్చావు?" పిన్ని రెండు ఆవుల వంకా మార్చి మార్చి చూసింది. నల్లది వయసులో ఉంది, పూటకు ఆరు లీటర్లు ఇస్తోంది. ఎర్రది ముసలిది, దూడ మీద ఆశతోనే దాన్ని ఉంచుకుంది. "ఒరేయ్, ఆ తాడు తీసి దీనికి వెయ్యి," అంది బేరగాడితో, ఎర్రదాన్ని చూపిస్తూ. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగింది. "నువ్వు రాకపోయుంటే పాలిచ్చేదాన్ని అమ్ముకుని, ఈ ముసలమ్మకు పురుడు పొయ్యడానికి కూర్చునేదాన్ని. తప్పు చెప్పావు. మళ్ళీ వచ్చి చెప్పావు. పో, చేతులు కడుక్కో."

అంతటితో పోయుంటే బాగుండేది. కానీ పిన్నికి ఫోనుంది, బేరగాడికి లారీ ఉంది. సోఫా కథ సాయంత్రానికి గట్టంతా, వారం తిరిగేసరికి కింది ఊళ్ళన్నీ తిరిగింది. ఇప్పుడు డాక్టరమ్మ బండి దిగగానే ఏ కొట్టంలోనూ తిన్నగా ఆవు దగ్గరికి పోనివ్వరు.

"ముందు గుంజ పట్టుకోండి డాక్టరమ్మా."

"నేను డాక్టర్ని కాను. చెయ్యి బానే ఉంది."

"పట్టుకోండి మరి. ఎన్నో నెల?"

పళ్ళు కొరుక్కుంటుంది. సేవ అని ఉపన్యాసాలు దంచిన వాళ్ళందరినీ మనసులో ఒకసారి తలుచుకుంటుంది. తర్వాత గుంజ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, నిజంగానే చూస్తుంది.

"ఖాళీ," అంటుంది. అప్పుడు తొడుగు అందిస్తారు.