పసుపు పాల ధైర్యం

జాతరల కాలంలో తుకారాం ఒంటికి తీరిక ఉండదు. బోధన్ చుట్టుపక్కల ఎక్కడ డప్పు మోగినా కుస్తీకి దిగుతాడు. పట్టుకు ముందు గుప్పెడు మట్టి తీసి మెడకు రుద్దుకుంటాడు. ఇంటికొచ్చాక తల్లి అంజవ్వ కాచిన పసుపు పాలు గటగటా తాగి బోర్లా పడిపోతాడు. మొన్న మూత్రం నల్లచాయ్ రంగులో వస్తే డాక్టర్ దగ్గరికి పోయాడు. "ఆరాం లేకుంట పెనుగులాడితే పీల్చిన గాలే లోపట కండను కాల్చి తింటది. ఆ చెడిన కండే మూత్రంల నల్లగ వస్తున్నది. మానేదాంక బరిల దిగకు" అన్నాడాయన. అంజవ్వ వినలేదు. "లోపలి దెబ్బకు పసుపును మించిన మందేమున్నది కొడుకా?" అంటూ పాలలో ఇంకో చెంచా కలిపింది. ఆఖరి కుస్తీకి ఇచ్చే వెండి కడియం ఇన్నేళ్లలో ఒక్కసారీ తుకారాం చేతికి రాలేదు. ఆ పాల ధైర్యంతోనే ఇవాళ బరిలోకి దిగాడు, గెలిచాడు. ఊరి పెద్ద కడియం తొడగబోతే అది వాచిన చేతికి ఎక్కనే లేదు. "అబ్బ, ఏం కండ రా గది! సూడుండ్రి!" అంటూ జనం ఈలలు వేశారు. తుకారాం నవ్వాడు. ఆ చెయ్యి దానంతట అది లేవకపోతే, రెండో చేత్తో పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించాడు.