హెన్యా చేతుల్లో పాట

సోమవారం ఉదయం మా బడిలో లెక్కలు చెప్పడం నాకెప్పుడూ కష్టంగానే ఉండేది. గోడకు అవతలి గదిలో హెన్యా షాఫ్రాన్ మా యూదుల పవిత్ర గ్రంథం తోరాలో ఆ వారం భాగం పాడడం మొదలుపెట్టేది. ఆమెది పెద్ద గొంతు, కొంచెం బొంగురు. ఒక్కో మాటను పైకెత్తి, గాలిలో తిప్పి, మెల్లగా కిందికి దించేది. నా పిల్లలు భిన్నాలు వదిలేసి గోడవైపు చెవులు పెట్టేవాళ్లు. నేనూ సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని.

మా బడికి వారమంటే ఆ పాటే. సోమ, గురువారాల్లో పొద్దుటి ప్రార్థనకు పెద్ద పిల్లలు తోరా రాసిన తోలు చుట్ట విప్పి చదవాలి. గురువారం మధ్యాహ్నం స్టాక్‌హోమ్‌లో అన్ని బడుల్లాగే మాకూ బఠాణీల సూపు, పాన్‌కేకులు. శుక్రవారం చిన్న తరగతుల వాళ్లు పిండి పిసికి, జడలల్లి రొట్టెలు కాలుస్తారు. చలికాలంలో మధ్యాహ్నం భోజనం కాగానే పొద్దు వాలిపోతుంది. మా వారపు విశ్రాంతి దినం సబ్బాతుకు దీపాలు వెలిగించే వేళకు ఇళ్లు చేరాలని పిల్లల్ని తొందరగా పంపేస్తాం. వేడి రొట్టెను కోటు లోపల పొట్టకు హత్తుకుని మంచులో పరుగెడతారు. ఆ పరుగులో కూడా ఆ వారం పాట కూనిరాగంగా వినబడుతూనే ఉండేది.

చుట్టలో ఉండేవి ఉత్త అక్షరాలు. అచ్చులుండవు, ఎక్కడ గొంతు పైకి లేవాలో ఎక్కడ దిగాలో చెప్పే గుర్తులుండవు. అదంతా చదివేవాళ్ల తలలో ఉండాలి. పిల్లల తలల్లోకి దాన్ని ఎక్కించడమే హెన్యా పని. ఇరవై ఏళ్లకు పైగా అదే చేసింది. ఈ ఊళ్లో సబ్బాతు నాడు ఎవరు లేచి చదివినా, ఆ గొంతులో ఎక్కడో ఒకచోట హెన్యా బొంగురు పలికేది.

యాభై దాటిన ఏడాది వసంతంలో ఆమె గొంతులో గడ్డ బయటపడింది. గడ్డ తియ్యాలంటే స్వరతంత్రుల దాకా పోక తప్పలేదు. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. మిగిలింది గుసగుస. అదీ దగ్గరగా వంగితేనే వినబడుతుంది. కాస్త ఎక్కువ మాట్లాడితే దగ్గు తెర వచ్చేది.

ఆగస్టులో బడి తెరవబోయే ముందు మా హెడ్‌మాస్టర్ యోయెల్ ఆస్టర్మన్ ఆమెను పిలిపించాడు. తోడుగా నేనూ వెళ్లాను. యోయెల్ మంచివాడు. అందుకే మాట మొదలుపెట్టడానికి కాఫీ కప్పును చాలాసేపు తిప్పుతూ కూర్చున్నాడు.

"లైబ్రరీ ఖాళీగా ఉంది హెన్యా. కిటికీ పక్కన కూర్చోవచ్చు. అరవక్కర్లేదు, అలసిపోనక్కర్లేదు."

హెన్యా తల అడ్డంగా ఊపింది.

"చూడు, తోరా పాటకి రికార్డింగులు తెప్పించాం. కొత్తగా వచ్చే కుర్రాడు అవి వినిపిస్తాడు. పిల్లలకి గొంతు కావాలి కదా!"

హెన్యా బల్ల మీదికి వంగింది. "పిల్లలకి వాళ్ల గొంతులున్నాయి," అని గుసగుసలాడింది.

యోయెల్ నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"ఈ ఏడు సముద్రగీతం సబ్బాతుకి చదివేది మన ఏడో తరగతి. ఊరంతా వచ్చి కూర్చుంటుంది. తెలుసుగా?"

"తెలుసు. అందుకే అడుగుతున్నా. అప్పటిదాకా ఆ తరగతి నాకివ్వు. చెడగొడితే లైబ్రరీ తాళంచెవి నేనే వచ్చి అడుగుతా."

ఎర్ర సముద్రం దాటాక మోషే, ఇశ్రాయేలీయులు పాడిన పాట అది. జనవరి చివరో ఫిబ్రవరి మొదట్లోనో ఆ భాగం వస్తుంది. ఆ ఒక్క పాటకు వేరే బాణీ ఉంది. యోయెల్ గట్టిగా నిట్టూర్చి, సరేనన్నాడు.

మొదటి రోజు తలుపు అద్దంలోంచి నేను చూశాను. గది నిండా గోల. హెన్యా నోరు కదుపుతోంది, ఎవరికీ వినబడడం లేదు. చెయ్యి ఎత్తింది. ముందు బెంచీలో నయెమి అనే పిల్ల ఉంది. చురుకైనది, నోటికి అడ్డులేదు.

"మోరా! బడి మానేసి ట్రాఫిక్ పోలీసులో చేరారా?" అని అరిచింది. మా పిల్లలు హీబ్రూ టీచరమ్మను మోరా అని పిలుస్తారు.

తరగతంతా పగలబడి నవ్వింది. హెన్యా మాత్రం గది మధ్యకు వచ్చి నిటారుగా నిలబడింది. ఒక చెయ్యి చాచి ఎడమవైపు వరుసను ఆపింది. రెండో చేత్తో నయెమిని రమ్మంది. నయెమి లేచింది. ఇంకా రమ్మంది. నల్లబల్ల దాకా వచ్చాక అరచెయ్యి చూపి ఆపింది. ఈసారి నవ్వు వేరుగా వచ్చింది. అందరూ ఆమెవైపే చూస్తున్నారు.

బల్ల మీద ఒక మాట రాసి, "పాడు," అంది పెదాలతో. కుడిచెయ్యి మెల్లగా లేచింది. నయెమి గొంతు దాని వెంట లేచింది. బొటనవేలు పక్కకు వంగింది. గొంతు తడబడింది. హెన్యా మళ్లీ మొదటికి వెళ్లింది. వేలు వంగిన చోట గొంతూ వంగేదాకా వదల్లేదు.

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో అడిగాను. "ఈ చేతి విద్య ఎక్కడిదే నీకు?"

"ఉజ్‌లో మా ఇంటి గోడలు అట్టముక్కలు, బెల్లా," అంది నా చెవి దగ్గర. పోలండ్‌లో ఆమె పుట్టిన ఊరు అది. "పక్కింట్లో తుమ్మితే మా ఇంట్లో చిరంజీవ అనేవాళ్లం. యూదుల పాట బయటికి వినబడితే నాన్న ఉద్యోగం పోతుంది. అందుకని రేడియో గట్టిగా పెట్టి, నాకు చేత్తో నేర్పేవాడు. మా నాన్న పాట నేను వినలేదు, చూశాను."

"ఎప్పుడూ వినలేదా?"

"విన్నాను. నా పద్నాలుగో ఏట దేశం వదిలి ఇక్కడికొచ్చాం. మొదటి సబ్బాతు నాడు సినగోగు ప్రార్థనలో ఆయన నోరు తెరిచి పాడాడు. అప్పుడు తెలిసింది, ఎంత ఘోరమైన గొంతో!"

భుజాలు కదిలేలా నవ్వింది. శబ్దం లేదు. నవ్వుతో పాటు దగ్గు కూడా వచ్చింది. నీళ్లు తెచ్చి ఇచ్చాను.

అక్కడినుంచి దారి సాఫీగా ఏమీ సాగలేదు. డోవ్ అనేవాడు చెయ్యి ఎటు పోతే గొంతు దానికి ఎదురు పట్టేవాడు. ఇద్దరు ముగ్గురు తల్లులు యోయెల్ దగ్గరికి వచ్చి, మా పిల్లలు ఇంట్లో పాడకుండా చేతులు ఊపుతున్నారేమిటని నిలదీశారు. యోయెల్ వాళ్లకు కాఫీ పోసి పంపాడు కానీ, ఆయన ముఖం వాడిపోయింది.

శరదృతువు పండుగలు వెళ్లాక ఏదో మారింది. భోజనాల గదిలో ఏడో తరగతి బల్ల చప్పుడు లేకుండా ఉంది. వెళ్లి చూస్తే, ఒకడు సూపు గరిటె పట్టుకుని గాలిలో వంకర్లు తిప్పుతున్నాడు. మిగతావాళ్లు అది ఏ వాక్యమో చెప్పాలి. తప్పు చెప్పినవాడి పాన్‌కేకు పోయినట్టే. మంచు పడ్డాక ఆటస్థలంలో ఉన్ని చేతితొడుగులతోనే అదే ఆట. గోడ అవతలినుంచి మళ్లీ పాట వినబడసాగింది. ఇప్పుడు ఒక గొంతు కాదు, గదినిండా గొంతులు. కొన్ని సన్నం, కొన్ని అప్పుడే పగులుతున్నవి. నా పిల్లలు మళ్లీ భిన్నాలు వదిలేశారు.

సముద్రగీతం ఎవరు చదవాలో హెన్యా నిర్ణయించింది. నయెమి. ఆ మాట వినగానే నయెమి సంచీ సర్దేసుకుంది.

"నాకు రాదు మోరా. తరగతిలో అయితే అరుస్తాను. అక్కడ అందరూ చూస్తారు. నాకు నోరు ఎండిపోతుంది."

హెన్యా ఆమె పక్కన చిన్న కుర్చీలో కూర్చుంది. "నాకూ అంతే. ఇరవై ఏళ్లూ అంతే."

"మీకా? మీ గొంతుకి కిటికీలు అదిరేవని మా అమ్మ చెబుతుంది."

"అది భయంతోటే. జనాన్ని చూడకు. చేతిని చూడు."

సంచీ మళ్లీ విప్పడానికి ఆ పిల్లకు రెండు రోజులు పట్టింది. కానీ విప్పింది.

ఆ సబ్బాతుకు ముందు గురువారం, బడి పక్కనే ఉన్న మా ప్రార్థన మందిరం, సినగోగులో సాధన పెట్టాం. అక్కడ తోరా చదివించే వ్యవహారం చూసేది లియోపోల్డ్ ఫ్రిష్. ముసలాయన. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు కూర్చోవాలో ఆయనే చెబుతాడు. చదివే బల్ల పక్కకు హెన్యా రాగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇక్కడ నిలబడేవాళ్లు తప్పు దిద్దాలమ్మా. తప్పు వినబడితే పైకి అరవాలి. నువ్వెలా అరుస్తావు?"

"మోరా చేత్తో చెబుతారు!" అంది నయెమి.

"నువ్వాగవే పిల్లా. చెయ్యి చూపిస్తే సరిపోతే దేవుడు మోషేకి అన్ని మాటలు ఎందుకు చెప్పాడు? పాటంటే చెవికి. నాకేం కోపం లేదు హెన్యా, నీ గొంతు పోయినందుకు ఈ ఊళ్లో అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేనే. కానీ పద్ధతి పద్ధతే. ముందు బెంచీలో కూర్చో."

నాకు ఒళ్లు మండింది. హెన్యా తల ఊపి, వెళ్లి ముందు బెంచీలో పిల్లల మధ్య కూర్చుంది. చదివే బల్ల జనానికి ఎదురుగా ఉంటుంది. తలెత్తితే నయెమికి ఆమె కనబడుతుంది. అది చాలనుకుంది.

సబ్బాతు నాడు హాలు కిటకిటలాడింది. తడి కోట్ల వాసన, పిల్లల గుసగుసలు. తరగతిలో ఒక్కొక్కరే వెళ్లి తమ తమ ముక్కలు చదివారు. డోవ్ గొంతు ఒకచోట కీచుమంది కానీ బాణీ తప్పలేదు. దిగి వస్తూ ఏదో కొండ ఎక్కి వచ్చినవాడిలా చెమట తుడుచుకున్నాడు. తర్వాత నయెమి మెట్లెక్కింది. చుట్టను వేలితో తాకకూడదు కనుక వెండి కడ్డీ కొనతో మొదటి మాట చూపించింది. సముద్రగీతానికి అందరూ నిలబడాలి. జనమంతా లేచింది.

మొదలుపెట్టింది. ఆ గొంతు నాకు తెలియని గొంతు. గట్టిగా, నిబ్బరంగా, కెరటంలా లేచింది. గుర్రమూ రౌతూ సముద్రంలో పడిన చోట నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. హెన్యా చెయ్యి ఛాతీ ముందు చిన్నగా కదులుతోంది.

పాట సగంలో ఉండగా హెన్యాకు దగ్గు వచ్చింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. వంగింది, కూర్చుండిపోయింది. పక్కనే ఉన్న నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను.

సరిగ్గా అప్పుడే నయెమి తలెత్తింది. నిలబడ్డ జనంలో హెన్యా చెయ్యి కనబడలేదు. వెండి కడ్డీ ఆగిపోయింది. పాట ఆగిపోయింది. హాల్లో ఎక్కడో కుర్చీ కిర్రుమంది. బల్ల పక్కన ఫ్రిష్ నోరు తెరిచాడు.

మా పక్కనే డోవ్ చెయ్యి లేచింది. ఎన్నడూ సరైన వైపు పోని ఆ చెయ్యి మెల్లగా పైకి పోయి, బొటనవేలు పక్కకు వంచింది. దాని పక్కన ఇంకొకటి, వెనక ఇంకొకటి. తరగతి మొత్తం చేతులు తలల మీదుగా లేచాయి. అన్నీ ఒక్క తీరున వంగాయి, ఒక్క తీరున తిరిగాయి. ఎవరూ నోరు విప్పలేదు.

నయెమి నవ్వింది. పవిత్రమైన చుట్ట ముందు, ఊరంతా చూస్తుండగా, పళ్లన్నీ కనబడేలా నవ్వి, ఆ వాక్యం అందుకుంది. ఇక వెనక్కి చూడలేదు. ఫ్రిష్ తెరిచిన నోరు మూసుకోవడం మరిచిపోయాడు.

హెన్యా దగ్గు తగ్గి తలెత్తేసరికి పాట సాగుతోంది. చుట్టూ చేతులు చూసింది. ఒక్కో చేతినీ చూసింది. నా మోచెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. తన చెయ్యి మాత్రం ఎత్తలేదు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, కళ్లు తుడుచుకోకుండా, ఆఖరి మాట దాకా విన్నది.

పాట అయ్యాక జనం ఊరుకోలేదు. "యషర్ కోహ్!" అని అరిచారు. బాగా చేశావు అని చెప్పే మాట అది. పై వరుసలో ఎవరో కాళ్లతో నేలను దడదడలాడించారు. నయెమి వాళ్లమ్మ పక్కవాళ్ల భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

ప్రార్థన అయ్యాక కింది హాల్లో హెర్రింగు చేపలు, బంగాళదుంపలతో కాల్చిన కూగెల్ వంటకం పెట్టారు. యోయెల్ పళ్లెం పట్టుకుని నేరుగా హెన్యా దగ్గరికొచ్చాడు.

"లైబ్రరీకి వేరే మనిషిని చూసుకుంటాను. నేను లైబ్రరీ అన్న మాట ఎత్తిన సంగతి మరిచిపో."

"ఏ లైబ్రరీ?" అంది హెన్యా.

ఫ్రిష్ దూరంగా నిలబడి, తన బొటనవేలిని అటూ ఇటూ వంచి చూసుకుంటున్నాడు. నయెమి పోయి ఆయన వేలు పట్టుకుని సరిచేసింది. "అలా వంచితే అది వేరే వాక్యం, తాతా. ఇలా."

"నా వేలికి కీళ్ల నొప్పే పిల్లా, మెల్లగా," అన్నాడాయన. తర్వాత హెన్యా దగ్గరికొచ్చి, గొంతు సవరించుకున్నాడు. "నా ఎడమవైపు చోటు వచ్చే వారం నుంచి నీది. తప్పు వినబడితే బల్లమీద తట్టు. అరవడం సంగతి నేను చూసుకుంటాను. అది నాకు బాగా వచ్చు."

"వచ్చని ఊరంతటికీ తెలుసు," అన్నాను నేను. నవ్వకుండా ఉండలేకపోయాడు.

సోమవారం పొద్దున నేను నల్లబల్ల మీద దశాంశాలు రాస్తున్నాను. గోడ అవతల కొత్త వారం భాగం మొదలైంది. ఒక ముసలి గొంతు, దగ్గరదగ్గర ఎనభై ఏళ్లది, పిల్లల గొంతుల మధ్య అపశ్రుతి పలికింది. వెంటనే బల్లమీద టక్కున తట్టిన చప్పుడు. మొత్తం తరగతి ఒక్కసారిగా నవ్వింది.

"మళ్లీ మొదటినుంచి, తాతా!" అని నయెమి అరుస్తోంది.