పుణ్యవతి తుడిచిన బోర్డులు

మా ఆఫీసులో మీటింగ్ గదులకు నదుల పేర్లు పెట్టారు. గోదావరి, మంజీర, తుంగభద్ర, పెన్నా, మూసీ. మూసీలో ఎవరూ కూర్చోరు, పేరు వినగానే ముక్కు మూసుకుంటారు. నాకు పెన్నా ఇష్టం. మాది కడప జిల్లా కదా, పైగా మా ఊరి పెన్నలాగే ఆ గదిలో కూడా నీళ్లుండవు, డబ్బా ఎప్పుడు చూసినా ఖాళీ. పుణ్యవతి కథ ఆ గదిలోనే మొదలైంది. మొదలుపెట్టింది నేనే, అదీ తిట్టి. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉంటుంది.

మాదాపూర్‌లో అద్దాల భవనం, ఏడో అంతస్తు. పుణ్యవతి అక్కడ హౌస్‌కీపింగ్. నలభైకి ఒకటో రెండో తక్కువ. సొంతూరు జనగామ పక్కన, కాపురం మియాపూర్లో. భర్త నర్సయ్య అక్కడే ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. ఆమె చదివింది ఏడో తరగతి. మెడలో ఎర్ర ట్యాగు.

ఈ ట్యాగు గురించి కాస్త చెప్పాలి. మా దగ్గర మనిషి ఎవరన్నది మెడలో వేలాడే పట్టీ రంగు చెబుతుంది. కంపెనీ ఉద్యోగులకు నీలం, ఏజెన్సీ పంపిన వాళ్లకు ఎరుపు. నీలం వాళ్లు అద్దాల లిఫ్టులో వస్తారు, ఎర్ర వాళ్లు సామాన్ల లిఫ్టులో. నీలం వాళ్లు కిటికీ పక్కన కూర్చుని కింద వెళ్లే మెట్రో చూస్తూ తింటారు, ఎర్ర వాళ్లు మెట్ల దగ్గర డబ్బా విప్పుతారు. ఇలా చేయమని ఎక్కడా రాసి లేదు. రాయకపోయినా అందరూ పాటించే రూలు మా కంపెనీలో ఇదొక్కటే.

పుణ్యవతికి నీలం ట్యాగు కావాలి. ఆ కోరికను ఆమె దాచుకోను కూడా లేదు. "ఎప్పటికైనా నీలందే ఏసుకుంట సార్" అని ఓసారి నా టేబుల్ తుడుస్తూ అంది.

"ఏసుకుందువులే అక్కా, అదే రోజు నాకూ మేనేజరు కుర్చీ ఇస్తారు" అని నవ్వాను.

నవ్వాను గానీ, ఆ కుర్చీ కోసం అప్పటికే ఏడేళ్లుగా చూస్తున్నాను. తల వంచుకుని పని చేసుకుంటూ పోతే ఎవరో ఒకరు చూసి, పిలిచి, ఇస్తారని మా నాన్న చెప్పాడు. తల వంచుకున్న వాడి నడినెత్తి తప్ప ఎవరికీ ఇంకేమీ కనిపించదని మాత్రం చెప్పలేదు.

ఇక బోర్డుల సంగతి. ప్రతి గదిలోనూ గోడంత తెల్లబోర్డు ఉంటుంది. మా ఇంజినీర్లు దాని మీద బాణాలు, డబ్బాలు, మేఘాలు గీస్తారు. గీసిన వాడు తుడవడు. ఆ పని మన స్థాయిది కాదని వాడి నమ్మకం. పైగా మూల మీద "తుడవరాదు" అని ఇంగ్లీషులో రాసి, కింద రెండు గీతలు కొట్టి వెళ్లిపోతాడు. గోదావరి గదిలో అలాంటి బోర్డు ఒకటి పదకొండు నెలలు ఉంది. పుణ్యవతి దాని చుట్టూ మాత్రమే తుడిచేది, దేవుడి పటం చుట్టూ గోడ కడిగినట్టు. ఒకరోజు ఎవరో తీరిగ్గా చదివితే తేలిందేమిటంటే, అది ఎవరిదో పుట్టినరోజుకు రాసుకున్న బిర్యానీల లిస్టు. చికెన్ పద్నాలుగు, మటన్ ఆరు, పనీర్ ఒకటి. ఆ పనీర్ ఎవరికన్నది ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత విదేశాల నుంచి క్లయింట్లు వచ్చే రోజొకటి వచ్చింది. మా భవనం బాగోగులు చూసే మేనేజరు భీమేశ్వరరావు గారిది కాకినాడ. ఆయన ఆజ్ఞ కూడా మర్యాదగానే ఉంటుంది. "అన్ని బోర్డులూ తుడిచెయ్యమ్మా పుణ్యవతీ. ఫ్లోరు తళతళలాడిపోవాలండి" అన్నాడు. ఆమె అన్నీ తుడిచేసింది. అందులో పెన్నాలో నేను ఆరు గంటలు కూర్చుని గీసిన డిజైను కూడా పోయింది.

కోపమొస్తే నాకు ఇంగ్లీషు పోయి కడప వస్తుంది. "ఏమ్మా, కండ్లు కనపడ్లేదా? ఎవురు తుడమన్యారు నిన్ను?" అని ఫ్లోరంతా వినేటట్టు అరిచాను.

ఆమె బెదరలేదు, ఏడవలేదు. చేతిలో గుడ్డ మడత పెట్టుకుంటూ, "తుడిస్తే మీరు తిడ్తరు, తుడవకుంటే రావు సారు తిడ్తడు. నేనేం జెయ్యాలె సార్, జర మీరే చెప్పుండ్రి" అంది.

జవాబు లేనప్పుడు మావాళ్లంతా చేసే పనే చేశాను. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

జవాబు ఆమే వెతుక్కుంది. మర్నాటి నుంచి తుడిచే ముందు ప్రతి బోర్డునూ తన ఫోనులో ఫోటో తీయడం మొదలుపెట్టింది. ఊరికే తీయడం కాదు. మేం సగం వాడి పారేసిన పసుపు చీటీలు పోగేసి, ఒక్కో దాని మీద గది పేరు, తారీకు రాసి, బోర్డు మూలకు అంటించి తీసేది. దానితో పాటు ఒక నోటుపుస్తకం కూడా పెట్టింది. ఏ గదిలో, ఏ రోజు, సాయంత్రం ఆరు దాటాక ఎవరు బోర్డు వదిలేసి వెళ్లారన్నది అందులో తెలుగులో రాసుకునేది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

పది రోజులకే ఫలితం కనిపించింది. తుంగభద్రలో తన లెక్కలు పోయాయని ఒకడు జుట్టు పీక్కుంటుంటే, "ఫికర్ చెయ్యకుండ్రి సార్, నా తాన ఉన్నది" అని ఫోను తీసి చూపించింది. అంతే, ఆమె గిరాకీ పెరిగిపోయింది. "అక్కా, మొన్న మంగళవారం మంజీర ఉందా?" "అక్కా, పోయిన వారం గోదావరి పంపవా?" కోట్లు పోసి కట్టుకున్న సర్వర్లలో దొరకనివి ఆమె పగిలిన ఫోనులో దొరికేవి. అడిగిన వాళ్లలో నేనూ ఉన్నాను. తొమ్మిది సార్లు అడిగాను.

అదే సమయానికి హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు ఐలయ్య పని మానేసి ఊరెళ్లిపోతున్నాడని తెలిసింది. ఆ ఉద్యోగానికి నీలం ట్యాగు. పుణ్యవతి నేరుగా భీమేశ్వరరావు గారి క్యాబిన్‌కు వెళ్లి, "ఆ కొలువు నాకియ్యుండ్రి సార్" అని అడిగేసింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడట.

"పదో తరగతి ఉండాలమ్మా. కంప్యూటర్లో మెయిల్ రాయడం రావాలి. నీకెలా కుదురుతుందండి?"

"ఎట్ల కుదుర్తదో నేను జూసుకుంట సార్. జరంత టైమియ్యుండ్రి."

ఆమె ఓపెన్ స్కూల్లో పదికి పేరు రాయించుకుంది. మియాపూర్ బస్సులో నిలబడి సాంఘిక శాస్త్రం చదివేది. మెయిల్ రాయడం నేర్పమని నన్ను అడిగింది. "వచ్చే వారం చూద్దాంలే అక్కా" అన్నాను. తర్వాతి వారమూ అదే అన్నాను. మూడో వారం ఆమె అడగలేదు. రిసెప్షన్లో అమ్మాయి దగ్గర నేర్చుకుంటోందని తర్వాత తెలిసింది.

సరిగ్గా అప్పుడే లావణ్య మేడం పెన్నా ముందు నుంచి నడిచింది. లావణ్య మా కంపెనీ సమాచార భద్రత అధికారి. ఆమె వస్తుంటే జనం తెరిచిన ల్యాప్‌టాపులు కూడా మూసేస్తారు. ఎర్ర ట్యాగు మనిషి క్లయింట్ల బోర్డును ఫోటో తీయడం ఆమె కళ్లారా చూసింది. ఫోను తీసుకుంది, ట్యాగు తీసుకుంది. ఫోనులో బోర్డుల ఫోటోలు ఆరు వందలు దాటాయి. ఇది మామూలు తప్పు కాదు. ఏజెన్సీకి ఒక్క మాట చెబితే పుణ్యవతికి ఈ భవనంలోనే కాదు, ఈ చుట్టుపక్కల ఏ అద్దాల భవనంలోనూ చీపురు కూడా ఇవ్వరు.

లావణ్య, భీమేశ్వరరావు గారు కలిసి విచారణ మూసీలో పెట్టారు. ఫ్లోరులో అందరికంటే పాత మనిషినని నన్ను సాక్షిగా కూర్చోబెట్టారు. నిజం చెప్పాలంటే, అప్పుడు నాకు పుణ్యవతి మీద జాలి కలగలేదు. ఆమె ఫోనులో ఉన్న నా తొమ్మిది మెసేజీల మీదే నా ప్రాణమంతా ఉంది. నా కుర్చీ, నా ఏడేళ్లు. అంత పిరికివాణ్ని అని నాకే తెలియదు.

"ఈ ఫోటోలు మిమ్మల్ని అడిగిందెవరు?" లావణ్య అడిగింది.

"అడిగినోళ్ల పేర్లు నేను చెప్ప మేడం. ముందుగాల తీసుడు మొదలువెట్టింది నేను. నాకెవ్వలు చెప్పలే."

"రూలు తెలుసా మీకు?"

"ఫోటో తియ్యొద్దని ఇప్పుడు ఎరుకైంది. ఇగ తియ్య. ఉన్నయన్ని మీ ముంగటనే తీసేస్త. కని నాదొక మాట ఇనుండ్రి." పుణ్యవతి నోటుపుస్తకం టేబుల్ మీద పెట్టింది. "నేను ఫోటో తియ్యకుంటె బోర్డు దాక్కుంటదా మేడం? గదులన్ని అద్దాలేనాయె. సమోసలు తెచ్చెటాయనకు కనవడ్తది, ఏసీ బాగుచేసెటాయనకు కనవడ్తది. ఎవరు ఏ దినం వదిలేసి పోయిన్రో మూడు నెలలది దీంట్ల రాసిన. గీ పెన్నాల జూడుండ్రి, ఇరవై దినాల సంది పాస్‌వర్డ్ అని రాసి ఉన్నది. పక్కనే తుడవరాదని ఉన్నది. నేను ఇంగ్లీషు చదువుతున్న గద మేడం, పాస్‌వర్డ్ అంటె ఏందో తెలుసు."

లావణ్య ఫోటో తెరిచింది. ముఖం పాలిపోయింది. ఏడెనిమిది అక్షరాలు, రెండు అంకెలు, చివర ఒక ఆశ్చర్యార్థకం. క్లయింటు అసలు సర్వరు తాళం. దాన్ని అద్దంలోంచి లిఫ్టు దిగిన ప్రతివాడూ చదువుకోవచ్చు.

"ఇది ఎవరి రాత?"

నాకు తెలుసు. 'కె' అక్షరాన్ని అంత వంకరగా రాసేవాడు ఈ అంతస్తులో ఒక్కడే. పుణ్యవతికీ తెలుసు, నోటుపుస్తకంలో ఆ తారీకు పక్కన నా పేరు ఉంది కదా. అయినా ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను అందరి ముందూ అరిచిన మనిషి. రెండు వారాలు తిప్పించుకున్న మనిషి. నన్ను కాపాడుతోంది. నా జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

"నాది మేడం" అన్నాను. "ఫోటోలు అడిగిన వాళ్లలోనూ నేనున్నాను. తొమ్మిది సార్లు."

భీమేశ్వరరావు గారు "అయ్యో శివశంకర్ గారూ, మీరాండీ!" అన్నాడు, నేను ఎవరి పెళ్లిలోనో చెప్పులు ఎత్తుకెళ్లినట్టు.

నాకు మెమో వచ్చింది, ఆ ఏడు కుర్చీ ఊసే లేకుండా పోయింది. పుణ్యవతి ఫోనులోని ఫోటోలన్నీ లావణ్య ఎదుటే చెరిపేసి, ట్యాగు తిరిగి ఇచ్చారు. నోటుపుస్తకం మాత్రం లావణ్య వదల్లేదు. క్లయింట్లు తనిఖీకి రావడానికి పదిహేను రోజులే ఉంది. సాయంత్రాలు గదులన్నీ తిరిగి, వదిలేసిన కాగితాలు, బోర్డులు రాసిపెట్టే మనిషి కావాలని ఏడాదిగా పై వాళ్లను అడుగుతోందట. ఆ పని ఎవరూ అప్పగించకుండానే ఒకరు మూడు నెలలుగా చేస్తూ ఉన్నారు. తనిఖీ సాఫీగా గడిచింది. ఐలయ్య ఉద్యోగాన్ని పుణ్యవతి పరీక్షల దాకా ఖాళీగానే ఉంచమని లావణ్య పట్టుబట్టింది. వేసవిలో పది పాసైంది. లెక్కల్లో అత్తెసరు, సాంఘికంలో డెబ్బై రెండు. బస్సు చలవ.

నీలం ట్యాగు వేసుకున్న మొదటి రోజు ఆమె అద్దాల లిఫ్టులో పైకి కిందికి మూడు సార్లు తిరిగిందని సెక్యూరిటీ వాళ్లు చెప్పారు. మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని అన్నం తింది. ఆమెతో పాటు మెట్ల దగ్గర తినే ఎర్ర ట్యాగుల వాళ్లందర్నీ పిలిచి ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి రూలేదీ రాసి లేదు కదా.

మొన్న సోమవారం సాయంత్రం ఆరూ పదికి నాకు పుణ్యవతి నుంచి మెయిల్ వచ్చింది. మీరు పెన్నాలో బోర్డు తుడవలేదు, ఇది రెండోసారి, అని ఇంగ్లీషులో నాలుగే వాక్యాలు. లావణ్యకు కాపీ. తప్పులేమైనా దొరుకుతాయేమోనని రెండుసార్లు చదివాను. ఒక్కటీ దొరకలేదు. గర్వంగా అనిపించింది, అందులో నా పాత్ర ఏమీ లేకపోయినా.

లేచి పెన్నాకు వెళ్లాను. అక్కడ ఆమె గడియారం చూసుకుంటూ నిలబడి ఉంది. నేను బోర్డు ముందు నిలబడి అటూ ఇటూ వెతికాను. టేబుల్ కింద చూశాను. కర్టెన్ వెనక చూశాను.

"అక్కా, డస్టర్ ఎక్కడుంటుంది?"

"మీ పక్కన అల్మారల సార్, మొదటి అరల. నేనొచ్చిన కాడికెల్లి ఆడనే ఉన్నది" అంది పుణ్యవతి. "మీరు నాకన్న ముందొచ్చిన్రు గద."