బావగారి డైమండ్ల స్వెట్టరుకు బెల్లం దిమ్మలు

నాకు జరిగిన అన్యాయములు, తేదీల వారీగా:

మార్గశిరం, మొదటి గురువారం: నేను శ్రమించి గీసిన పటమును చూసి నా భార్య వరలక్ష్మి నవ్వినది.

పుష్యం, సంక్రాంతి వెళ్లిన సోమవారం: రైల్వే ప్లాట్‌ఫారం మీద, ప్రయాణికులందరి ఎదుట, మా బావగారు నాకొక బిరుదు ప్రదానం చేసిరి.

అదే వారం, శుక్రవారం: కూరగాయల బజారులో ఎవరో "బెల్లం సర్వేయరు గారూ!" అని పిలిచిరి. వెనుదిరిగి చూచుట మాత్రం నా తప్పే.

వీటన్నిటికీ మూలం ఒక స్వెట్టరు. ఊలుతో అల్లిన అమాయకపు వస్తువు ఇంత విధ్వంసం చేయగలదా అని మీరు సందేహించవచ్చు. అందులో నా చేయి పడిందని తెలిస్తే ఆ సందేహం తీరుతుంది.

వరలక్ష్మి అన్నగారు, సబ్బవరం దగ్గర చెరకు పండించే సన్యాసినాయుడు బావ, కాశీయాత్ర తలపెట్టాడు. చిన్నప్పుడు వరలక్ష్మిని కుట్టుపని క్లాసుకు పంపవద్దని ఇంటిల్లిపాదీ అంటే, పోట్లాడి పంపించినవాడు ఆయనే. ఆ చలిలో గంగాస్నానానికి వెళ్లే అన్నకు తన చేత్తో అల్లిన స్వెట్టరు తొడిగి రైలెక్కించాలని ఆమె పంతం. అదీ, ఆ క్లాసులో నేర్చిన పాతకాలపు డైమండ్ల అల్లికతో: ఎర్ర డైమండు, పక్కన బూడిదరంగు డైమండు, వాటి మీదుగా ఏటవాలుగా సాగిపోయే సన్నని తెల్ల గీతలు.

నేను పదవీ విరమణ చేసిన భూమి సర్వేయరును. పొలాల గట్లు తేల్చినవాడిని, డైమండ్ల గట్లు తేల్చలేనా? గళ్ల కాగితం మీద, చెక్కిన పెన్సిలుతో, పటం గీసి ఆమె ముందుంచాను.

"ఇదేటండీ?"

"పటం. ఒక గడికి ఒక కుట్టు. నిలువెంతో అడ్డమంత."

ఆమె నవ్వింది. "గడి నాలుగుపక్కలా సమానం. కుట్టు అలాక్కాదండీ, పొట్టిగా, వెడల్పుగా ఉంటాది. నిలువుకి వరసలు ఎక్కువెయ్యాలి. నా సేతికి తెల్సు, ఒగ్గీండి."

"జిల్లా అంతా కొలిచినవాడికి చెబుతున్నావా?"

"జిల్లా సాగదు కదండీ. ఊలు సాగుతాది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడట వెనకటికొకడు. నేను గీసిన డైమండుకు నాలుగూ సమాన భుజాలే అని పట్టుబట్టాను. చివరకు ఆమె విసిగిపోయి, "సరే, మీ పటం పెకారమే అల్లుతాను. అన్నయ్యకి జవాబు మీరే సెప్పుకోండి," అంది.

ప్రయాణం ముందురోజు ఉదయానికి స్వెట్టరు పూర్తయింది. డైమండ్లన్నీ ఎవరో పైన కూర్చుని లేచినట్లు అణగిపోయి, మిఠాయి దుకాణంలో పేర్చిన కాజాల్లా ఉన్నాయి.

"సూసేరా?" అని ఒక్క మాట అని, వరలక్ష్మి అన్నకు దారి బత్తెం సిద్ధం చేయడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇక్కడ మరొకరెవరైనా క్షమాపణ చెప్పి ఊరుకునేవారు. నేను ఆలోచించాను. అడ్డం ఎక్కువైతే నిలువు పెంచాలి. ఊలు సాగుతుందని ఆవిడే చెప్పింది. స్వెట్టరును తడిపి, డాబా మీద తీగకు వేలాడదీశాను. కింద బరువు కట్టాలి. ఇంట్లో ఇనుప గుండ్లు లేవు. కానీ బెల్లానికి పేరుపడ్డ మా అనకాపల్లిలో బరువుకు కరువా? బావ పంపిన కొత్త బెల్లం దిమ్మలను గుడ్డసంచుల్లో వేసి, స్వెట్టరు అంచుకు వరుసగా కట్టాను. చూస్తుండగానే డైమండ్లు నిటారుగా నిలబడ్డాయి! ఆ సంతృప్తితో కిందికి దిగి కునుకు తీశాను.

సర్వేయరు కునుకు తీయగానే చీమలు సర్వే మొదలుపెట్టాయి.

"ఏవండీ! బేగి రండి!"

పరుగెత్తాను. స్వెట్టరులోని నీళ్లు సంచుల్లోకి దిగి, బెల్లం కరిగి, పాకం అంచంతా పట్టింది. చీమలు ఎర్ర డైమండు నుంచి బూడిద డైమండుకు తెల్ల గీతల వెంబడి, హద్దు తప్పకుండా నడుస్తున్నాయి. స్వెట్టరు మోకాళ్లదాకా సాగింది. బెల్లం కొట్టిన రాయిలా నిలబడటమంటే ఏమిటో ఆనాడు తెలిసింది. బెల్లం కట్టినవాడు ఇంకా ఘోరంగా నిలబడతాడు.

వరలక్ష్మి తిట్టలేదు. స్వెట్టరును ఒళ్లో వేసుకుని పిట్టగోడ మీద కూర్చుంది. "అన్నయ్యకి ఇదొక్కటే ఇద్దారనుకున్నాను," అంది మెల్లగా. అప్పుడు నాకు నవ్వు రాలేదు. మీకు వస్తే దయచేసి ఆపుకోండి.

ఇద్దరం కలిసి దాన్ని ఉతికాం, తువ్వాళ్లలో చుట్టి పిండాం, ఫ్యాను కింద పరిచాం. చీమలు పోయాయి. వాసన పోలేదు. పొడవూ తగ్గలేదు.

మర్నాడు స్టేషనులో బావ దాన్ని తొడుక్కుని తనను తాను కిందిదాకా చూసుకున్నాడు.

"ఏటి బావా ఇది? స్వెట్టరా, గౌనా? ఇంక పంచె దండగ!"

వరలక్ష్మి తల దించుకుంది. నేను జరిగినదంతా, తేదీ వారం సహా, నివేదించాను. బావ అంచు ఎత్తి వాసన చూశాడు.

"బెల్లం వాసనొత్తందే! మన గానుగ కాడ నిల్సున్నట్టుంది. కాశీలో ఇల్లు గుర్తొత్తాది. ఇప్పను సెల్లీ, ఇదే ఏసుకుని గంగలో దిగుతాను!"

"గంగలో దిగితే పాదాలదాకా సాగుతాది అన్నయ్యా!" అని వరలక్ష్మి కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వింది. రైలు కదిలింది. కిటికీలోంచి బావ చేయి ఊపాడు: "వత్తాను, బెల్లం సర్వేయరూ!" ప్లాట్‌ఫారమంతా నా వైపు తిరిగింది.

కాశీ నుంచి ఫోను కూడా చేశాడు. "అందరికీ మోకాళ్లు వణుకుతన్నాయి బావా, నాకు తప్ప. మా బావ సర్వే సేసిన స్వెట్టరని అందరికీ సెప్పేను."

ఇందుమూలముగా నా ప్రతిజ్ఞ: ఇకమీదట ఊలు ఉన్న గదిలోకి గళ్ల కాగితం తీసుకుపోను. బెల్లాన్ని నోటికి తప్ప దేనికీ తగిలించను.

అయితే ఒక విషయం తేలవలసి ఉన్నది. వరలక్ష్మి ఇప్పుడు నీలం ఊలుతో మళ్లీ డైమండ్లు అల్లుతోంది. నిన్న నేను పేపరు చదువుతుండగా వెనుక నుంచి వచ్చి, నా భుజాలను జానతో కొలిచి వెళ్లింది. ఎవరికని అడిగితే, "పటాలు గీసేవోళ్లకి సెప్పను," అంది.

కావున సదరు స్వెట్టరు నాదా, కాదా అను విషయమై శ్రీమతి వరలక్ష్మి గారు, చలి శివశివా అని వెళ్లిపోకముందే, లిఖితపూర్వకముగా, సంతకముతో జవాబు ఇవ్వవలసినదిగా కోరడమైనది.